ఊపిరిని కాపాడే విద్య: రోగి గొంతు నుండి బొమ్మ గొంతు వరకు

ఇది దాదాపు యాభై ఏళ్ళ నాటి మాట. నేనప్పుడు ఒక ప్రభుత్వాసుపత్రిలో హౌస్ సర్జన్‌ను. ఒక రాత్రి రెండు గంటల వేళ, పురుగుల మందు తాగిన పాతికేళ్ళ యువకుణ్ణి బంధువులు ట్రాక్టరు మీద తీసుకువచ్చారు. నోటి నుండి నురగ కారుతున్నది. కనుపాపలు సూదిమొనలంత అయిపోయాయి. అట్రోపిన్ ఇస్తూనే ఉన్నాము, కాని శ్వాస కండరాలు క్రమంగా సడలిపోతున్నాయి. మత్తు వైద్యులు మరొక శస్త్రచికిత్సలో ఉన్నారు. శ్వాసనాళంలోకి గొట్టం వేయవలసిన బాధ్యత నా మీద పడింది. ఆ పనిని అంతకు ముందు మూడుసార్లు చూశాను. ఒక్కసారి కూడా చేయలేదు.

గొట్టం వేశాను. బెలూను వంటి సంచిని నొక్కుతూ ఛాతీ మీద స్టెతస్కోపు పెడితే ఏదో శబ్దం వినిపించింది. అది నేను వినాలని కోరుకున్న శబ్దం. పక్కనే ఉన్న సిస్టర్‌గారు మెల్లగా, "డాక్టర్‌గారూ, కడుపు ఉబ్బుతోందండీ" అన్నారు. నేను పట్టించుకోలేదు. కొంతసేపటికి ఆమె మళ్ళీ అదే మాట అన్నారు. ఇంతలో మత్తు వైద్యులు పరుగున వచ్చి, గొట్టం అన్నవాహికలో ఉన్నదని ఒక్క చూపులో గ్రహించి, దానిని తీసి సరైన చోట వేశారు. అప్పటికి ఎన్ని నిమిషాలు గడిచాయో ఎవరూ లెక్కించలేదు. ఆ యువకుడు మూడవ రోజున మరణించాడు. మందు వల్ల పోయాడో, ఆ నిమిషాల వల్ల పోయాడో చెప్పడం అప్పుడూ సాధ్యం కాలేదు, ఇప్పుడూ కాదు.

మరునాడు మా పెద్ద డాక్టరుగారు నన్ను మందలించలేదు. "అందరం ఇలాగే నేర్చుకున్నామయ్యా" అన్నారు. ఆయన ఓదార్పుగానే అన్నారు. కాని అందులో దాగి ఉన్న ప్రశ్న నన్ను నా ఉద్యోగకాలమంతా వెంటాడింది. అందరం ఎవరి మీద నేర్చుకున్నాము? వైద్యుని చేతులు తమ మొదటి తప్పును ఎవరి గొంతు మీద చేయాలి? ఆ ప్రశ్నకు వైద్యలోకం వెతుక్కున్న సమాధానాల చరిత్రే ఈ వ్యాసం.

శ్వాసమార్గం – రెండు దారుల కూడలి

ముక్కు, నోరు వెనుక గొంతులో కలుస్తాయి. అక్కడి నుండి రెండు దారులు చీలుతాయి. ముందున్నది స్వరపేటిక, దాని దిగువ శ్వాసనాళం. వెనుకనున్నది అన్నవాహిక. స్పృహలో ఉన్న మనిషికి ఏది ఎటు పోవాలో శరీరమే చూసుకుంటుంది. స్పృహ కోల్పోతే కింది దవడ జారుతుంది, నాలుక వెనుకకు పడి గాలి దారిని మూసివేస్తుంది. ప్రాణవాయువు పూర్తిగా అందకపోతే నాలుగైదు నిమిషాలలోనే మెదడు దెబ్బతినడం మొదలవుతుంది.

ఇటువంటి వేళ వైద్యుడు లారింగోస్కోపు అనే వెలుగున్న పరికరంతో నాలుకను పైకెత్తి, స్వరతంత్రులను కంటితో చూసి, వాటి నడుమ నుండి శ్వాసనాళంలోకి గొట్టాన్ని పంపుతాడు. దీనినే ఇంట్యుబేషన్ అంటారు. చెప్పడానికి రెండు వాక్యాలు. చేయడం వేరు. 1998లో స్విట్జర్లాండ్ మత్తు వైద్యులు ప్రచురించిన ఒక పరిశీలనలో, శిక్షణలో ఉన్న వైద్యులు పదింట తొమ్మిదిసార్లు విజయం సాధించే స్థాయికి చేరడానికి సగటున 57 ప్రయత్నాలు పట్టాయి. అవి శస్త్రచికిత్స కోసం ప్రశాంతంగా పడుకున్న రోగుల మీద, పెద్దల పర్యవేక్షణలో జరిగిన ప్రయత్నాలు. అర్ధరాత్రి అత్యవసర విభాగంలో నురగ నిండిన గొంతు సంగతి వేరే చెప్పనక్కరలేదు.

సుశ్రుతుని సొరకాయ

రోగిని ముట్టుకొనే ముందు నకలు వస్తువు మీద అభ్యసించాలన్న ఆలోచన మనకు కొత్తది కాదు. సుశ్రుత సంహిత సూత్రస్థానంలో తొమ్మిదవ అధ్యాయానికి యోగ్యాసూత్రీయం అని పేరు. 'యోగ్య' అంటే ఇక్కడ అభ్యాసం. కోయడం నేర్చుకోవడానికి గుమ్మడి, సొర, పుచ్చ, దోస వంటి కాయలు; చీల్చడం నేర్చుకోవడానికి నీరు, బురద నింపిన తోలుసంచులు; సిర పొడవడానికి చనిపోయిన పశువుల సిరలు, తామర తూడులు; కుట్లు వేయడానికి బట్ట అంచులు; కట్లు కట్టడానికి మనిషి ఆకారంలో చేసిన బొమ్మ. ఇలా ఒక్కొక్క పనికి ఒక్కొక్క వస్తువును ఆ అధ్యాయం నిర్దేశించింది. ఎంత శాస్త్రం చదివినా అభ్యాసం లేనివాడు చికిత్సకు తగడని కూడా స్పష్టంగా చెప్పింది.

ఇందులో గమనించవలసిన విషయం ఒకటి ఉన్నది. ఏ నైపుణ్యానికి ఏ నకలు సరిపోతుందో ఆలోచించి ఎంపిక చేశారు. కోతకు సొరకాయ చాలు, కట్టుకు బొమ్మ కావాలి. ఈనాటి అనుకరణ శిక్షణకు, అంటే సిమ్యులేషన్‌కు, మూలసూత్రం ఇదే. కాని శ్వాసమార్గానికి తగిన సొరకాయ దొరకడానికి చాలా శతాబ్దాలు పట్టింది.

మృతదేహాలు, రోగులు – వేరే దారి లేని రోజులు

1799 డిసెంబరు 14న అమెరికా తొలి అధ్యక్షుడు జార్జ్ వాషింగ్టన్ గొంతు వాపుతో ఊపిరాడక మరణించాడు. మంచం పక్కన ముగ్గురు వైద్యులు ఉన్నారు. వారిలో అందరికంటె చిన్నవాడైన ఎలిషా డిక్, గొంతు కింద శ్వాసనాళానికి రంధ్రం చేసి గాలి పంపుదామని సూచించాడు. పెద్దలు అంగీకరించలేదు. ఆనాటికి అది అరుదైన, భయంకరమైన చికిత్స. చేసి చూసిన అనుభవం లేని చోట చేయాలన్న ధైర్యం రాదు.

1878లో గ్లాస్గోలో విలియం మెకీవెన్, గొంతును కోయకుండా వేళ్ళ స్పర్శతోనే నోటి గుండా శ్వాసనాళంలోకి గొట్టం పంపి శస్త్రచికిత్స చేశాడు. 1880లలో న్యూయార్కులో జోసెఫ్ ఓ'డ్వయర్, మన పాత పుస్తకాలలో కంఠసర్పి అని రాసిన డిఫ్తీరియాతో ఊపిరాడక చనిపోతున్న పసిపిల్లల కోసం చిన్న గొట్టాలను రూపొందించాడు. వాటి కొలతలను ఆ వ్యాధితోనే చనిపోయిన పిల్లల దేహాల మీద సరిచూసుకున్నాడు. 1895లో బెర్లిన్‌లో ఆల్‌ఫ్రెడ్ కిర్‌స్టైన్ స్వరపేటికను నేరుగా కంటితో చూసే పరికరాన్ని తెచ్చాడు. 1943లో ఆక్స్‌ఫర్డ్ మత్తు వైద్యుడు రాబర్ట్ మెకింటాష్ తయారుచేసిన వంపు బ్లేడు నేటికీ మన ఆసుపత్రులలో అందరూ వాడుతున్నదే.

పరికరాలు ఇలా మెరుగుపడ్డాయి గాని, వాటిని వాడడం నేర్చుకొనే పద్ధతి మాత్రం మారలేదు. "ఒకటి చూడు, ఒకటి చేయి, ఒకరికి నేర్పు" అన్నది వైద్య కళాశాలల్లో తరతరాలుగా వినిపించే మాట. అవకాశం దొరకని చోట, అప్పుడే ప్రాణం పోయిన రోగుల మీద, బంధువులకు చెప్పకుండా గొట్టం వేసి చూసుకోవడం అనేక దేశాలలో సాగింది. ఆనాడు మేమూ చేశాము. అది తప్పని అప్పుడు ఎవరికీ తోచలేదు. ఈనాడు ఆలోచిస్తే, వార్డు బయట ఏడుస్తున్న ఆ తల్లిని అడగకుండా ఆ పని చేసే హక్కు మాకు లేదని నాకు అనిపిస్తుంది.

ఊపిరి ఆపుకొని పడుకున్న స్వచ్ఛంద సేవకులు

1956లో ఒక మత్తు వైద్యుల సదస్సు ముగించుకొని కారులో తిరిగి వెళుతూ ఇద్దరు వైద్యులు మాట్లాడుకున్నారు. ఒకరు జేమ్స్ ఎలమ్. నోటిలో నోరు పెట్టి ఊదిన గాలి మనిషిని బతికించడానికి సరిపోతుందని ఆయన అప్పటికే చూపించాడు. రెండవవారు వియన్నాలో పుట్టి అమెరికాలో స్థిరపడిన పీటర్ సఫార్. ఆ సంభాషణ సఫార్‌ను పరిశోధనకు పురికొల్పింది. బాల్టిమోరు నగర ఆసుపత్రిలో వైద్యులు, వైద్య విద్యార్థులు స్వచ్ఛందంగా ముందుకు వచ్చారు. వారికి మత్తు ఇచ్చి, క్యురారే అనే మందుతో శ్వాస కండరాలను స్తంభింపజేసి, వైద్యంతో సంబంధం లేని సామాన్యుల చేత నోటితో ఊపిరి ఇప్పించారు. తలను వెనుకకు వంచి దవడను ముందుకు ఎత్తితే నాలుక తప్పుకొని దారి తెరుచుకుంటుందని, సామాన్యుడైనా ఊపిరి అందించగలడని ఆ ప్రయోగాలు నిరూపించాయి.

ఆ స్వచ్ఛంద సేవకుల ధైర్యానికి చేతులెత్తి నమస్కరించవలసిందే. కాని ఈ విద్యను లక్షలమందికి నేర్పాలంటే లక్షలమందిని స్తంభింపజేయలేము కదా! నిర్భయంగా తప్పు చేయడానికి వీలైన గొంతు ఒకటి కావాలి.

బొమ్మల వ్యాపారి చేసిన బొమ్మ

ఆ గొంతు నార్వేలోని స్టావంగర్ పట్టణం నుండి వచ్చింది. ఆస్‌మండ్ లేర్డాల్ పిల్లల పుస్తకాలు, ఆటబొమ్మలు తయారుచేసే వ్యాపారి. మెత్తని ప్లాస్టిక్‌తో సహజంగా కనిపించే బొమ్మలు చేయడంలో సిద్ధహస్తుడు. 1950ల మధ్యలో ఆయన చిన్న కుమారుడు నీటిలో మునిగిపోతే, సమయానికి బయటకు తీసి ప్రాణం నిలుపుకున్నాడు. అటువంటి తండ్రి వద్దకు నార్వే మత్తు వైద్యుడు బ్యోర్న్ లిండ్, సఫార్ పరిశోధనల వార్తతో వచ్చాడు. ఊపిరి ఊదడం నేర్పడానికి మనిషంత బొమ్మ కావాలన్నాడు.

1960లో రెసుసి ఆన్ అనే ఆ బొమ్మ లోకానికి పరిచయమైంది. తల వంచకుండా ఊదితే గాలి లోపలికి పోదు. తల వంచి దవడ ఎత్తి ఊదితే ఛాతీ లేస్తుంది. నేర్పవలసిన పాఠాన్ని బొమ్మ తన నిర్మాణంలోనే దాచుకున్నది. అదే కాలంలో బాల్టిమోరులో ఛాతీని నొక్కి ఆగిన గుండెను నడిపించే పద్ధతి వెలువడడంతో, సఫార్ సలహా మీద బొమ్మ ఛాతీలో స్ప్రింగు కూడా అమర్చారు.

ఆ బొమ్మ ముఖానికి ఒక కథ ఉన్నది. పందొమ్మిదవ శతాబ్దం చివరలో పారిస్‌లోని సేన్ నదిలో దొరికిన గుర్తు తెలియని యువతి ముఖానికి తీసిన అచ్చు అని ప్రచారంలో ఉన్న ఒక ముఖాకృతి యూరప్‌లో అనేక ఇళ్ళ గోడలను అలంకరించింది. లేర్డాల్ ఆ ప్రశాంతమైన ముఖాన్నే తన బొమ్మకు ఇచ్చాడు. కథలో నిజమెంత అన్నది అలా ఉంచితే, ఎవరూ కాపాడలేకపోయిన యువతి అని లోకం నమ్మిన ముఖం మీద ఎన్నో దేశాల ప్రజలు ప్రాణం నిలిపే విద్యను నేర్చుకుంటున్నారు. తరువాతి కాలంలో గొట్టం వేయడం నేర్చుకోవడానికి విడిగా తల, మెడ, ఊపిరితిత్తుల నమూనాలు కూడా వచ్చాయి.

విమానం నేర్పిన పాఠం

వైద్యులకంటె ముందే ఈ దారి పట్టినవారు వైమానికులు. అమెరికాలో ఆర్గన్ వాద్యాలు తయారుచేసే కుటుంబంలో పుట్టిన ఎడ్విన్ లింక్, హార్మోనియంలో ఉండేటువంటి తిత్తులతో, నేల మీదనే ఊగే నకలు విమానాన్ని 1929లో తయారుచేశాడు. మొదట దానిని ఎవరూ పట్టించుకోలేదు. 1934లో తపాలా సంచులు మోసే సైనిక విమానాలు వరుసగా కూలిపోయి పైలట్లు మరణించాక, అమెరికా సైన్యం దానిని కొన్నది.

వైద్యరంగంలో అటువంటి యంత్రం 1967లో వచ్చింది. లాస్ ఏంజలస్‌లోని దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో విద్యా నిపుణుడు స్టీఫెన్ అబ్రహామ్‌సన్, మత్తు వైద్యుడు జడ్సన్ డెన్సన్ కలిసి సిమ్ వన్ అనే బొమ్మను రూపొందించారు. కంప్యూటరు నడిపే ఆ బొమ్మ కనురెప్పలు ఆర్పేది. కనుపాపలు పెద్దవయ్యేవి, చిన్నవయ్యేవి. దవడ తెరుచుకొనేది, ఛాతీ కదిలేది, నాడి కొట్టేది. నాలుగు మందులకు, రెండు వాయువులకు మనిషి వలె స్పందించేది. పదిమంది శిక్షణ వైద్యులతో చేసిన పరిశీలనను 1969లో ప్రచురించారు. బొమ్మ మీద నేర్చుకున్నవారు ఇంట్యుబేషన్‌లో తక్కువ రోజులలో, రోగుల మీద తక్కువ ప్రయత్నాలతో నైపుణ్యం సాధించారు.

అయినా సిమ్ వన్ ఒక్కటే తయారైంది. ఖర్చు ఎక్కువ, నమ్మినవారు తక్కువ. రోగులు ఉచితంగా దొరుకుతున్నప్పుడు బొమ్మకు డబ్బెందుకన్న ధోరణి ఆనాడు బలంగా ఉండేది. కటువుగా అన్నానని పాఠకులు భావించవద్దు. నేను కళ్ళారా చూసినదే చెబుతున్నాను. పెద్దాసుపత్రులలో పేద రోగి గొంతే విద్యార్థులకు పలక.

చేతులకే కాదు, చెవులకూ శిక్షణ

1977లో స్పెయిన్‌కు చెందిన టెనెరీఫ్ దీవిలో రెండు పెద్ద విమానాలు రన్‌వే మీద ఢీకొని 583 మంది మరణించారు. మంచు కమ్మిన రన్‌వే మీద ఒక విమానం బయలుదేరుతుండగా, రెండవ విమానం ఇంకా దారిలో ఉన్నదేమోనని అందులోని ఫ్లైట్ ఇంజనీరు సందేహం వెలిబుచ్చాడు. అనుభవజ్ఞుడైన కెప్టెన్ ఆ సందేహాన్ని తోసిపుచ్చాడు. యంత్రం బాగున్నా, నైపుణ్యం ఉన్నా, చిన్నవాడి మాట పెద్దవాడి చెవికి ఎక్కకపోతే ఏమవుతుందో ప్రపంచం చూసింది. ఆ తరువాత పైలట్లకు బృందంగా పనిచేయడం, మాట వినడం కూడా పాఠ్యాంశాలయ్యాయి.

స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ మత్తు వైద్యుడు డేవిడ్ గాబా ఈ పాఠాన్ని శస్త్రచికిత్స గదికి తెచ్చాడు. 1980ల రెండవ భాగంలో ఆయన బృందం, నిజమైన పరికరాలున్న గదిలో బొమ్మ రోగిని పడుకోబెట్టి, ఉన్నట్టుండి ఆపదలు సృష్టించి, వైద్యుల ప్రవర్తనను గమనించడం మొదలుపెట్టింది. నైపుణ్యం తెలిసినవారు కూడా ఒత్తిడిలో ఒకే ఆలోచనకు అతుక్కుపోతారని, సహాయం కోసం ఆలస్యంగా పిలుస్తారని అక్కడ కళ్ళకు కట్టింది. త్వరగా సహాయం కోరడం, నాయకత్వం ఎవరిదో తేల్చుకోవడం, చెప్పిన మాట అవతలివారికి అందిందని నిర్ధారించుకోవడం వంటి విషయాలను గొట్టం వేయడంతో సమానంగా నేర్పడం అప్పటి నుండి ఆరంభమైంది.

ఎలైన్ బ్రోమిలీ

ఈ పాఠం ఎంత అవసరమో 2005 మార్చిలో ఇంగ్లండులో జరిగిన ఒక దుర్ఘటన చాటిచెప్పింది. ఎలైన్ బ్రోమిలీ వయస్సు 37 ఏళ్ళు, ఇద్దరు బిడ్డల తల్లి. సైనస్‌కు సంబంధించిన చిన్న శస్త్రచికిత్సకు వెళ్ళింది. మత్తు ఇచ్చాక శ్వాసమార్గం దొరకలేదు. గదిలో అనుభవజ్ఞులైన ముగ్గురు వైద్యులు ఉన్నారు. గొట్టం వేయడానికి పదే పదే ప్రయత్నిస్తూ కాలాన్ని మరచిపోయారు. సుమారు 20 నిమిషాల పాటు ఆమె రక్తంలో ప్రాణవాయువు ప్రమాదకరంగా పడిపోయి ఉన్నది. గొట్టం వేయలేక, గాలి కూడా పంపలేని స్థితిలో ఇక మెడ ముందు భాగంలో చిన్న కోత పెట్టి శ్వాసనాళానికి దారి చేయవలసినదే. ఒక నర్సు ఆ పరికరాల పెట్టెను తెచ్చి, సిద్ధంగా ఉన్నదని చెప్పింది. ఎవరూ స్పందించలేదు. మరొక నర్సు ఇంటెన్సివ్ కేర్‌లో పడక సిద్ధం చేయించి, వైద్యుల చూపులను బట్టి తాను తొందరపడ్డాననుకొని రద్దు చేసింది. 13 రోజుల తరువాత ఎలైన్ మరణించింది.

ఆమె భర్త మార్టిన్ బ్రోమిలీ వృత్తిరీత్యా పైలట్. ఆయన శిక్షలు కోరలేదు. ఏమి జరిగిందో విచారించి, అందరూ నేర్చుకొనేటట్లు చేయండి అన్నాడు. 2007లో ఆయన స్థాపించిన క్లినికల్ హ్యూమన్ ఫ్యాక్టర్స్ గ్రూప్ అనే సంస్థ ఈ విషయంలో వైద్యలోకాన్ని మేలుకొలిపింది. ఎలైన్ కథ నేడు అనేక దేశాలలో శ్వాసమార్గ శిక్షణలో పాఠం.

ఆ కథను మొదటిసారి చదివిన రోజున నేను పుస్తకం మూసి చాలాసేపు కూర్చున్నాను. నాకు గుర్తుకు వచ్చినది ఆ రాత్రి సిస్టర్‌గారి గొంతు.

నేటి శిక్షణ ఎలా ఉంటుంది?

ఒక గదిలో బొమ్మ రోగి, నిజమైన మానిటరు, నిజమైన మందుల ట్రాలీ ఉంటాయి. ఒక వైద్యుడు, ఒక జూనియరు, ఒక నర్సు, ఒక సహాయకుడు బృందంగా వస్తారు. శిక్షకుడు పక్క గది నుండి బొమ్మ నాలుకను ఉబ్బిస్తాడు, దవడ బిగిస్తాడు, ప్రాణవాయువు అంకెను తగ్గిస్తాడు. మానిటరు చప్పుడు స్వరం మారుతుంది. బొమ్మ అని తెలిసినా చేతులు వణుకుతాయి. గొట్టం పడకపోతే ఏం చేయాలి, ఎన్నిసార్లు ప్రయత్నించి ఆపాలి, కోతకు ఎప్పుడు సిద్ధపడాలి అన్న క్రమాన్ని బృందం గట్టిగా పైకి చెప్పుకుంటూ అభ్యసిస్తుంది.

అసలు పాఠం ఆ తరువాత మొదలవుతుంది. అందరూ వలయంగా కూర్చుని జరిగినదాన్ని చర్చిస్తారు. నిందలు ఉండవు. "ఆ క్షణంలో నీకేమనిపించింది? ఎందుకు చెప్పలేదు? చెబితే ఎందుకు వినలేదు?" అని అడుగుతారు. చర్చ లేని అనుకరణ ఆటతో సమానమని శిక్షకులు అంటారు. అది నిజం.

ఫలితం ఉన్నదా? 2011లో 609 అధ్యయనాలను ఒకచోట చేర్చి పరిశీలించినప్పుడు, ఈ శిక్షణ జ్ఞానాన్ని, నైపుణ్యాన్ని గణనీయంగా పెంచుతున్నదని, రోగులకు కలిగే మేలు మాత్రం మధ్యస్థంగా ఉన్నదని తేలింది. అతిశయోక్తులకు తావు లేదు, నిరాశకూ కారణం లేదు.

హైదరాబాదు చెప్పిన హెచ్చరిక

నకలు ఎంత మంచిదైనా నకలే. ఇందుకు మన హైదరాబాదు చరిత్రలోనే ఒక ఉదాహరణ ఉన్నది. క్లోరోఫారం మత్తులో జరిగే మరణాలకు కారణం తెలుసుకోవడానికి సర్జన్ ఎడ్వర్డ్ లారీ ప్రోద్బలంతో, ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ ధనసహాయంతో 1888లోను, 1889లోను ఇక్కడ రెండు కమిషన్లు పనిచేశాయి. ఎక్కువగా కుక్కల మీద జరిపిన ప్రయోగాల నుండి, ఆపద మొదట ఊపిరికే వస్తుంది గనుక నాడిని కాదు, శ్వాసనే గమనించాలని తేల్చారు. శ్వాస మీద చూపు నిలపాలన్న మాట విలువైనదే. కాని 1911లో ఏ.జి. లెవీ, తేలికపాటి క్లోరోఫారం మత్తులో గుండె లయ తప్పి ఒక్కసారిగా ఆగిపోవచ్చునని చూపించాడు. ప్రయోగశాలలో అమరిన స్థితి వేరు, భయంతో వణికే రోగి ఉన్న థియేటరు వేరు. నమూనా చూపని ప్రమాదం లేదనుకోవడమే పెద్ద ప్రమాదం.

ప్లాస్టిక్ గొంతులోనూ అంతే. అందులో రక్తం ఊరదు, వాంతి పొంగదు, మెడ లావుగా ఉండదు. బొమ్మ మీద గెలిచిన ధీమాతో రోగి వద్ద ఏమరుపాటు పనికిరాదు. పరికరాలు లేకపోతే శిక్షణ ఒక్కటే చాలదు కూడా. గొట్టం సరైన దారిలో ఉన్నదో లేదో, బయటకు వచ్చే బొగ్గుపులుసు వాయువును కొలిచి చెప్పే కాప్నోగ్రఫీ అనే యంత్రం ఉన్నది. బ్రిటన్‌లో 2011లో ప్రచురించిన జాతీయ పరిశీలనలో, ఇంటెన్సివ్ కేర్ విభాగాలలో శ్వాసమార్గ సమస్యలతో జరిగిన మరణాలలో 70 శాతానికి పైగా ఆ యంత్రాన్ని వాడకపోవడం ఒక కారణమని తేలింది. ఆ రాత్రి నా చేతిలో ఉన్నది స్టెతస్కోపు మాత్రమే.

మన దగ్గర

2005లో హైదరాబాదులో ప్రారంభమైన 108 అంబులెన్సు సేవ, సిబ్బందికి బొమ్మల మీద శిక్షణ ఇచ్చే ఏర్పాటును తనతో తెచ్చింది. 2016లో అఖిల భారత డిఫికల్ట్ ఎయిర్‌వే సంఘం మన పరిస్థితులకు తగిన మార్గదర్శకాలను వెలువరించింది. 2019లో అమలులోకి వచ్చిన కొత్త ఎం.బి.బి.ఎస్. పాఠ్యప్రణాళిక ప్రతి వైద్య కళాశాలలో నైపుణ్య ప్రయోగశాల ఉండాలని ఆదేశించింది. కోవిడ్ రోజులలో రక్షణ దుస్తులు ధరించి గొట్టం వేయవలసి వచ్చినప్పుడు, అనేక ఆసుపత్రులు ముందుగా బొమ్మ మీద అభ్యసించిన తరువాతనే రోగి వద్దకు వెళ్ళాయి. ఇవి సంతోషించవలసిన మార్పులు.

అయితే పదవీ విరమణ తరువాత ఒక కళాశాలకు పరీక్షకునిగా వెళ్ళినప్పుడు చూసిన దృశ్యం చెప్పక తప్పదు. ఖరీదైన బొమ్మ అద్దాల బీరువాలో తాళం వేసి ఉన్నది. "పాడవుతుందని ఎవరినీ ముట్టుకోనివ్వమండీ, తనిఖీ రోజున తీస్తాము" అన్నారు. బొమ్మ పాడవకుండా చూసుకుంటున్నారు సరే, మరి రోగి మాటేమిటి? సుశ్రుతుడు చెప్పిన సొరకాయకు తాళం అవసరం లేదు. శిక్షణకు కావలసినది ఖరీదు కాదు, క్రమం తప్పని అభ్యాసం. నెలకొకసారి, అరగంట, వార్డులో ఉన్న బృందమంతా, నర్సులతో సహా, మామూలు బొమ్మ తల మీద చేసినా మేలు జరుగుతుంది.

పాఠకులకు రెండు మాటలు

ఈ విద్యలో మొదటి మెట్టు మీ చేతిలో కూడా ఉన్నది. స్పృహ తప్పి ఊపిరి తీసుకుంటున్న మనిషిని వెల్లకిలా వదలకుండా పక్కకు తిప్పి పడుకోబెట్టండి. నోట్లో నీళ్ళు, సోడా, మందు ఏదీ పోయవద్దు. పిలిచినా పలకక, ఊపిరి కూడా లేకపోతే 108కు ఫోను చేసి, ఛాతీ మధ్యన రెండు చేతులతో నిమిషానికి 100 నుండి 120 సార్లు బలంగా నొక్కుతూ ఉండండి. చదివి తెలుసుకోవడం చాలదు. మీ ఊరిలో, కార్యాలయంలో శిక్షణ శిబిరం జరిగితే వెళ్ళి బొమ్మ మీద ఒక్కసారైనా చేసి చూడండి.

ఇక వైద్య విద్యార్థులు ఎవరైనా దీనిని చదువుతుంటే ఒక మాట. బొమ్మ ముందు తప్పు చేయడానికి సిగ్గుపడకండి, అది అందుకే ఉన్నది. మీ పక్కన నిలబడినవారు మెల్లగా ఏదైనా అంటే, చేతిలో పని ఆపి, "ఏమన్నారు, మళ్ళీ చెప్పండి" అని అడగడం కూడా అక్కడే అలవాటు చేసుకోండి. ఆ సిస్టర్‌గారు నాకు రెండుసార్లు చెప్పారు. ఒక్కసారి విన్నా సరిపోయేది.